లాహోర్ నుంచి లాహోర్ దాకా



నాటకాలు ఆడినవాళ్ళకి తెర వెనక చీకటి బాగా పరిచయం. రంగస్థలం మీద లైట్లు ధగధగా వెలుగుతుంటాయి. వింగ్ పక్కన మాత్రం ఎవరు ఎక్కడున్నారో తెలియదు. ఆ చీకట్లో ఒక మనిషి కాచుకుని ఉంటుంది. చేతి మీద మడత నలగకుండా వేసుకున్న బట్టలు, జాకెట్టు అంచుకి గుచ్చి పెట్టుకున్న పిన్నీసులు. నటి లోపలికి రావడం ఆలస్యం, ఒక వేషం విప్పి ఇంకొకటి తొడగాలి, హుక్కులు పెట్టాలి, ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి, మళ్ళీ వెలుగులోకి పంపెయ్యాలి. ఇదంతా నిమిషంలోపు అయిపోవాలి. నోరు మెదపకూడదు. ఇంగ్లండులో ఈ పని చేసేవాళ్ళని డ్రెస్సర్లంటారు. మన పరిషత్తు నాటకాల్లో దీనికి ప్రత్యేకంగా మనిషి ఉండరు. ఆ రంగంలో వేషం లేనివాళ్ళెవరో చేస్తారు.

మేం ఒక ఊళ్ళో పోటీకి నాటిక తీసుకెళ్ళాం. తల్లి పాత్ర రెండో రంగంలో భర్త పోయి తెల్లచీరలో రావాలి. చీర మార్చాం, గాజులు తీశాం. బొట్టు తుడవడం మరిచిపోయాం. ఆ తుడిచే పని నాది. ఆమె రూపాయి బిళ్ళంత ఎర్రబొట్టుతో వేదిక మీదికి వెళ్ళి ఏడవడం మొదలుపెట్టింది. సభ గొల్లుమంది. మూడు నెలల రిహార్సల్సు ఆ ఒక్క బొట్టుతో పోయాయి. చీకట్లో నిలబడే మనిషికి ఎంత గురి కావాలో అప్పుడు తెలిసింది నాకు.

1960లలో లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్‌లో ఆ చీకట్లో నిలబడినవాళ్ళలో ఒక భారతీయ స్త్రీ ఉన్నారు. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. ఇద్దరు పిల్లల తల్లి. ఐరోపా, అమెరికా, జపాన్ వేదికల మీద నాట్యం చేసి వచ్చిన మనిషి. పృథ్వీరాజ్ కపూర్ బృందంలో పధ్నాలుగేళ్ళు నాటకాలాడిన నటి. అలాంటి మనిషి అక్కడ ఇంకొకరి గౌనుకి హుక్కులు పెడుతున్నారు. ఆవిడే జోహ్రా సెహగల్.

ఈ పేరు వినగానే మీలో చాలామందికి ఒక బామ్మ గుర్తుకొస్తుంది. 'చీనీ కమ్' సినిమాలో అమితాబ్ బచ్చన్ తల్లి. 'దిల్ సే', 'హమ్ దిల్ దే చుకే సనమ్' సినిమాల్లో బోసినవ్వుల ముసలమ్మ. ఎనభై దాటాక, తొంభై దాటాక ఆవిడ మన ఇళ్ళలోకి వచ్చారు. మనం ఆవిడ నవ్వు చూసి మురిసిపోయాం. ఈ వయసులో ఎంత హుషారో అన్నాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసులో ఏదో కలుక్కుమంటుంది. హుషారు పుట్టుకతో వచ్చే గుణం కావచ్చు. నటన అలా రాదు. ఆ ముసలమ్మ ఒక్క చూపుతో సన్నివేశాన్ని తన వైపు లాక్కుంటోందంటే దాని వెనక అరవై ఏళ్ళ చాకిరీ ఉంది. ఆ చాకిరీ గురించే ఈవేళ నాలుగు మాటలు.

జోహ్రా 1912 ఏప్రిల్ 27న పుట్టారు. రాంపూర్ నవాబుల బంధువర్గానికి చెందిన పఠాన్ కుటుంబం. ఏడుగురు పిల్లల్లో మూడో సంతానం. తల్లి చిన్నతనంలోనే పోయింది. ఆడపిల్లలు చదువుకోవాలన్నది ఆ తల్లి కోరిక. అందుకని లాహోర్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో చేర్చారు. గొప్పింటి ఆడపిల్లల కోసం పెట్టిన బడి అది. పరదా కట్టుదిట్టంగా ఉండేది. ఆ బడిలో పెరిగిన పిల్ల పద్దెనిమిదేళ్ళ వయసులో, 1930లో, ఎడింబరోలో ఉండే మేనమామతో కలిసి కారెక్కింది. విమానం కాదు, ఓడ కాదు, కారు. లాహోర్ నుంచి బయలుదేరి ఇరాన్ దాటి, పాలస్తీనా, సిరియా చూసి, ఈజిప్టు చేరి, అక్కడ అలెగ్జాండ్రియా రేవులో ఓడ ఎక్కి ఐరోపాలో దిగింది. ఆ రోజుల్లో మన వైపు ఆడపిల్ల పక్క ఊరికి వెళ్ళాలన్నా గూడుబండికి తెర కట్టేవారు. బురఖా బడిలోంచి వచ్చిన అమ్మాయి ఎడారుల మధ్య కారు కిటికీలోంచి ప్రపంచాన్ని చూసుకుంటూ పోవడం తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

నాటకం నేర్చుకుందామని బయలుదేరిన పిల్ల జర్మనీలోని డ్రెస్డెన్‌లో మేరీ విగ్మాన్ నాట్యశాలలో తేలింది. అక్కడ చేరిన మొదటి భారతీయురాలు జోహ్రాయే. మేరీ విగ్మాన్ ఆ కాలానికి కొత్త దారి తొక్కిన నర్తకి. చెప్పుల్లేని పాదాలతో, ఒక్కోసారి సంగీతమే లేకుండా, డప్పు దెబ్బకో ఊపిరి లయకో ఒళ్ళు కదిలించేవారు. జోహ్రా అక్కడ మూడేళ్ళు చదివారు. ఆ చదువులో ముద్రలు, అభినయం లేవు. ఊపిరి ఎక్కడ మొదలవుతుంది, వెన్నెముక ఎక్కడ వంగుతుంది, భుజం బరువు ఎలా దించాలి, ఇవీ పాఠాలు. నాకు తెలిసిన మంచి నటులందరూ చివరికి ఈ పాఠం దగ్గరికే వస్తారు. కొందరు నలభై ఏళ్ళకి వస్తారు, ఆవిడ ఇరవై ఏళ్ళకే వచ్చారు.

అప్పట్లోనే నర్తకుడు ఉదయ్ శంకర్ బృందం ఐరోపాలో ప్రదర్శనలిస్తోంది. శివపార్వతుల నృత్యరూపకం చూసి ఈ అమ్మాయి తెర వెనక్కి వెళ్ళి ఆయన్ని కలుసుకుంది. ఇండియాకి తిరిగి వెళ్ళాక పిలుస్తానన్నారాయన. అన్నమాట నిలబెట్టుకున్నారు. జపాన్ వెళ్తున్నాం, వెంటనే రాగలవా అని టెలిగ్రాం వచ్చింది. 1935 ఆగస్టులో ఆవిడ బృందంలో చేరారు. ఫ్రెంచి నర్తకి సింకీ పక్కన నిలబడి జపాన్, ఈజిప్టు, ఐరోపా, అమెరికా దేశాలు తిరిగారు. తర్వాత ఉదయ్ శంకర్ హిమాలయాల ఒడిలో, అల్మోరాలో, కళాకేంద్రం పెడితే అక్కడ పాఠాలు చెప్పారు. ఆ కేంద్రం గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. శంకరన్ నంబూద్రి కథాకళి, కందప్ప పిళ్ళై భరతనాట్యం, అల్లావుద్దీన్ ఖాన్ సంగీతం, అందరూ ఒకే కొండ మీద. తర్వాతి కాలంలో సినిమాల్లో గురుదత్‌గా పేరుపడ్డ కుర్రాడు అక్కడి విద్యార్థే. అతను తీసిన 'బాజీ'కి తర్వాత నృత్యాలు కూర్చింది జోహ్రాయే.

అల్మోరాలోనే కామేశ్వర్ సెహగల్ పరిచయమయ్యారు. ఇండోర్ కుర్రాడు, సైన్సు చదివినవాడు, బొమ్మలు వేసేవాడు, నాట్యం చేసేవాడు. ఆవిడకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఆయన హిందువు, ఆవిడ ముస్లిం. 1942 ఆగస్టు 14న పెళ్ళి. జవహర్‌లాల్ నెహ్రూ వస్తానన్నారు గానీ అంతకు కొద్దిరోజుల ముందే క్విట్ ఇండియా అరెస్టులు జరిగాయి. పెళ్ళికి రావలసిన అతిథి జైల్లో ఉన్నారు. కొన్నాళ్ళకి అల్మోరా కేంద్రం మూతపడింది. భార్యాభర్తలిద్దరూ లాహోర్ వెళ్ళి, జోహ్రాలో సగం, కామేశ్వర్‌లో సగం కలిపి 'జోరేశ్' అని పేరుపెట్టి నాట్యపాఠశాల తెరిచారు. పరదా మాటున చదువుకున్న ఊళ్ళోనే ఆవిడ ఇప్పుడు నాట్యం నేర్పే పంతులమ్మ. కాని ఊరు మారిపోతోంది. మతాల మధ్య కోపాలు పెరుగుతున్నాయి. మతాంతర వివాహం చేసుకున్న జంటకి అక్కడ ఊపిరాడలేదు. ఏడాది పిల్ల కిరణ్‌ని ఎత్తుకుని బొంబాయి దారి పట్టారు.

బొంబాయిలో అప్పటికే చెల్లెలు ఉజ్రా ఉన్నారు. పృథ్వీ థియేటర్స్‌లో నాయిక. పృథ్వీరాజ్ కపూర్ 1944లో స్థాపించిన సంస్థ అది. 1945లో జోహ్రా అందులో చేరారు. జీతం నెలకి నాలుగు వందల రూపాయలు. నాయిక వేషాలు చెల్లెలివి. అక్కకి ఇతర పాత్రలు, నృత్యాలు కూర్చే పని. తాను అందగత్తెని కాదని ఆవిడ ఎప్పుడూ దాపరికం లేకుండా చెప్పుకునేవారు. నాటక సమాజాల్లో పనిచేసినవాళ్ళకి ఇందులోని కష్టం తెలుసు. తోడబుట్టినదానికి పూలదండలు పడుతుంటే పక్కన నిలబడి, మర్నాడు మళ్ళీ అంతే శ్రద్ధగా మొహానికి రంగు వేసుకోవాలి. పధ్నాలుగేళ్ళు ఆవిడ ఆ పని చేశారు. దేశమంతా తిరిగారు.

పృథ్వీ థియేటర్స్ పద్ధతి ఒకటి చెప్పాలి. నాటకం అయిపోయాక పృథ్వీరాజ్ కపూర్ ద్వారం దగ్గర జోలె పట్టుకుని, తల వంచుకుని నిలబడేవారు. ఇళ్ళకి వెళ్ళే ప్రేక్షకులు అందులో చిల్లరో నోటో వేసేవారు. ఆ డబ్బు దేశంలో కష్టాల్లో ఉన్నవారికి. 'దీవార్', 'పఠాన్', 'గద్దార్' లాంటి నాటకాలు దేశ విభజన గాయం చుట్టూ తిరిగాయి. జోహ్రా ప్రజల నాటక సంఘమైన ఇప్టాలోనూ ఉన్నారు. బెంగాల్ కరువు మీద ఇప్టా తీసిన 'ధర్తీ కే లాల్'లో, కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందిన 'నీచా నగర్'లో నటించారు. అదే కాలంలో మన వైపు ప్రజానాట్యమండలి దళాలు సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి'ని ఊరూరా ఆడుతున్నాయి. ప్రజానాట్యమండలి ఇప్టాకి మన ఆంధ్ర శాఖ. బొంబాయిలో ఆవిడ వేసిన అడుగుకీ, కృష్ణా జిల్లా పల్లెలో పెట్రోమాక్స్ దీపం కింద పడిన అడుగుకీ మూలం ఒక్కటే.

1959లో కామేశ్వర్ తన ప్రాణం తానే తీసుకున్నారు. దీని మీద ఎక్కువ చెప్పడం నాకిష్టం లేదు. ఆవిడకి నలభై ఏడేళ్ళు. ఇద్దరు పిల్లలు, కిరణ్, పవన్. పృథ్వీ థియేటర్స్ కూడా మూతపడే దశకి వచ్చింది. ఢిల్లీ వెళ్ళి అక్కడి నాట్య అకాడమీ బాధ్యత తీసుకున్నారు. 1962లో నాటకకళ చదువుకి స్కాలర్‌షిప్ వస్తే లండన్ వెళ్ళారు.

ఇక్కడే మనం మొదట చూసిన చీకటి వస్తుంది. స్కాలర్‌షిప్ ఎల్లకాలం ఉండదు. నర్తకుడు రామ్ గోపాల్ నాట్యశాలలో ఉదయ్ శంకర్ పద్ధతి నేర్పారు. టీ దుకాణంలో పనిచేశారు. ఓల్డ్ విక్‌లో డ్రెస్సరయ్యారు. ఇంగ్లీషు నాటకానికి కాశీ లాంటి చోటది. నటిగా రంగప్రవేశం చెయ్యవలసిన మనిషి ఇస్త్రీ పెట్టెతో లోపలికి వెళ్ళారు. ఈ దశని జీవిత చరిత్రల్లో సాధారణంగా ఒక్క వాక్యంలో దాటేస్తారు, కష్టకాలం అని. నేను అలా దాటలేను. ప్రతిరాత్రి వింగ్‌లో నిలబడి గొప్ప నటుల ఊపిరిని అంత దగ్గరగా వినడం, వాళ్ళు వెలుగులోకి అడుగుపెట్టే ముందు ఆ అర నిమిషం ఎలా ఉంటారో చూడడం కూడా చదువే. ఏ స్కాలర్‌షిప్పుకీ దొరకని చదువు. అది చదువనుకునే మనసుండాలి, అంతే. 1963లో ఇక్కడ మన సంగీత నాటక అకాడమీ ఆవిడకి పురస్కారం ప్రకటించింది. అక్కడ బతుకుతెరువు వెతుక్కునే రోజులవి.

టెలివిజన్ ఆవిడ జీవితంలోకి 1964లో వచ్చింది. కిప్లింగ్ కథ ఒకటి బీబీసీ తీస్తే అందులో చిన్న వేషం. యాభై రెండేళ్ళకి కొత్త విద్య. రంగస్థలం మీద ఆఖరి వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా వినపడేలా గొంతు విప్పాలి, చెయ్యి ఎత్తితే పూర్తిగా ఎత్తాలి. కెమెరా ముందు అదే పని చేస్తే అతిగా ఉంటుంది. కెమెరా మొహానికి జానెడు దూరంలో ఉంటుంది, కనురెప్ప వాలినా పట్టేస్తుంది. మన నాటకరంగం నుంచి సినిమాకీ, టీవీకీ వెళ్ళిన చాలామంది మొదట్లో అరిచారు. వాళ్ళ తప్పు కాదది, అలవాటు. జోహ్రాకి డ్రెస్డెన్ చదువు ఇక్కడ అక్కరకొచ్చిందని నా నమ్మకం. ఊపిరిని లోపలే ఉంచి మొహాన్ని కదలకుండా పెట్టడం ఆవిడకి ముప్పై ఏళ్ళ క్రితమే తెలుసు.

మరి అంత తెలిసిన మనిషికి పెద్ద పాత్ర ఎప్పుడొచ్చింది? ఇరవై ఏళ్ళ తర్వాత. ఆ మధ్య కాలంలో అన్నీ చిన్నాచితకా వేషాలు. 1965లో పిల్లలు ఇష్టంగా చూసే 'డాక్టర్ హూ'లో ఒక పాత్ర. 1976, 77లలో బీబీసీ వారి 'పడోసీ' కార్యక్రమం, ఇరవై ఆరు భాగాలు. బ్రిటిష్ టీవీలో భారతీయ స్త్రీలకి పాత్రలే తక్కువ. ఉన్న భారతీయ పాత్రలకి కూడా ఒక్కోసారి తెల్లవాళ్ళ మొహానికి గోధుమరంగు పూసేవారు. పాత సంగతి అనుకోకండి. 1984లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా' సినిమాలో ప్రొఫెసర్ గాడ్‌బోలే వేషం వేసింది ఎలెక్ గిన్నెస్. ఆయన మహానటుడే, సందేహం లేదు. అయినా గాడ్‌బోలేగా నటించగల భారతీయుడు దొరకలేదంటే నేను నమ్మను.

అదే 1984 జనవరిలో గ్రెనడా టెలివిజన్ వారి 'ది జ్యూయెల్ ఇన్ ది క్రౌన్' ప్రసారం మొదలైంది. పాల్ స్కాట్ నవలల ఆధారంగా పధ్నాలుగు భాగాల ధారావాహిక. తెల్లదొరల పాలన ఆఖరి రోజుల కథ. అందులో లేడీ చటర్జీ పాత్ర జోహ్రాది. మాయాపూర్ అనే ఊళ్ళో మెక్‌గ్రెగర్ హౌస్ అనే పెద్ద బంగళా యజమానురాలు. దొరల విందులకి పిలుపున్న మనిషి, అయినా దొరల క్లబ్బు గడప తొక్కలేని మనిషి. ఇంటికొచ్చిన ఇంగ్లీషు పిల్ల డఫ్నీని కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది. జరగరాని ఘోరం జరిగినప్పుడు ఆ పిల్ల పక్కన నిలబడుతుంది. ఈ పాత్రలో కేకలుండవు. అవమానాన్ని పట్టుచీర కొంగులా భుజం మీద సర్దుకుని తల నిటారుగా పెట్టుకోవడమే నటన. దాన్ని ఎవరూ నేర్పలేరు. అప్పటికి ఆవిడకి డెబ్బై ఒక్క ఏళ్ళు. బ్రిటన్‌లో జనం ఆ నటి ఎవరని అడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సయీద్ జాఫ్రీతో 'తందూరీ నైట్స్', 1993లో గురీందర్ చద్దా సినిమా 'భాజీ ఆన్ ద బీచ్', అలా తలుపులు తెరుచుకున్నాయి. ఒక జీవితంలో మొదటి పెద్ద తలుపు డెబ్బై దాటాక తెరుచుకోవడం గొప్ప అంటారు. అన్యాయం కూడా అనాలని నా అభిప్రాయం.

మన దేశానికి తిరిగి వచ్చాక ఏం జరిగిందో మీకు తెలుసు. 'అమ్మా అండ్ ఫ్యామిలీ' లాంటి టీవీ ధారావాహికలు, సినిమాలు, 1998లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్, 2010లో పద్మవిభూషణ్. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆవిడ కవితాపఠనం. 1983లో ఉదయ్ శంకర్ స్మారక సభలో రవిశంకర్ అడిగితే మొదలుపెట్టారు. అప్పటినుంచి పుస్తకం చూడకుండా, అలంకరణలు లేకుండా, ఒక కుర్చీ, ఒక గొంతు, ఉర్దూ కవిత. హఫీజ్ జలంధరీ రాసిన 'అభీ తో మై జవాన్ హూ' చదవమని ప్రతి సభా అడిగేది. నాకింకా పడుచుతనమే అనే ఆ కవితని తొంభై ఏళ్ళ గొంతు చదువుతుంటే జనం నవ్వుతూ నవ్వుతూ కళ్ళు ఒత్తుకునేవారు. రేడియో వినేవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, గొంతు ఒక్కటే మనిషిని మొత్తంగా నిలబెట్టగలదు. ఆ గొంతు ఊరికే నిలవలేదు. తొంభైల్లో కూడా రోజూ వ్యాయామం, రోజూ గొంతుకి సాధన, పాఠం తప్పిపోకుండా కవితలు వల్లెవేసుకోవడం. 1994లో క్యాన్సర్ వచ్చింది. అది కూడా ఆ దినచర్యని ఆపలేకపోయింది. 2014 జులై 10న ఢిల్లీలో ఆవిడ కన్నుమూశారు. నూట రెండేళ్ళు.

లాహోర్ సంగతి ఒకటి మిగిలింది.

చెల్లెలు ఉజ్రా 1964లో పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఒకే కంచంలో తిన్న అక్కాచెల్లెళ్ళ మధ్యకి సరిహద్దు వచ్చింది, యుద్ధాలు వచ్చాయి, వీసా కాగితాలు వచ్చాయి. 1993లో లాహోర్‌లోని అజోకా థియేటర్ వారు ఇద్దరినీ ఒక వేదిక మీదికి తెచ్చారు. షాహిద్ నదీమ్ రచన, మదీహా గౌహర్ దర్శకత్వం. నాటకం పేరు 'ఏక్ థీ నానీ', అనగనగా ఒక అమ్మమ్మ. వీళ్ళిద్దరి కథ ఆధారంగానే రాసిన నాటకం. అక్కాచెల్లెళ్ళలో ఒకరు ఇండియాలో ఉండిపోతే ఒకరు పాకిస్తాన్‌లో ఉండిపోయారు. పృథ్వీ థియేటర్స్ రోజుల తర్వాత ముప్పై ఏళ్ళు దాటాక మళ్ళీ ఇద్దరూ కలిసి మొహానికి రంగు వేసుకున్నారు.

ఆ రాత్రి వింగ్ పక్క చీకట్లో ఆ ఇద్దరూ ఎలా నిలబడి ఉంటారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఎనభై దాటిన అక్క, డెబ్బై దాటిన చెల్లెలు. పద్దెనిమిదేళ్ళ పిల్లగా కారెక్కిన ఊరు, నాట్యం బడి మూసేసి చంటిపిల్లతో వదిలి వెళ్ళిన ఊరు. అవతల లాహోర్ ప్రేక్షకులు సర్దుకుని కూర్చుంటున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. అక్క చెల్లెలి కొంగు సరిచేసి ఉంటుంది. ఓల్డ్ విక్‌లో చేసిన పని కదా, చెయ్యి మరిచిపోదు. అప్పుడు లైట్లు వెలిగాయి.